లిండెన్ చెక్కలో మరియమాత ప్రతిమ: 1490ల దక్షిణ జర్మనీ పద్ధతి

వుర్జ్‌బర్గ్, ఉల్మ్, న్యూరెంబర్గ్ కర్మశాలల్లో 15వ శతాబ్దం చివర బలిపీఠాల కోసం తయారైన కొయ్య ప్రతిమల్లో చాలావాటికి పని వరుస ఒక్కటే. సగం దుంగ తీసుకోవడం, ముందువైపు మోటుగా చెక్కడం, వెనక తొలిచి బోలు చేయడం, సన్నపని, సుద్ద పూత, బంగారం, చివర రంగులు. చూసేవారి కంటికి ఆనేది చివరి రెండే. ప్రతిమ వందల ఏళ్లు నిలుస్తుందా, రెండు వర్షాకాలాలకే పెచ్చులు రాలుతుందా అన్నది మాత్రం ముందున్నవాటి చేతిలో ఉంటుంది. పైగా ఒక దశలో చేసిన తప్పు ఆ దశలో కనిపించదు. తర్వాతి దశలోనో, ఆ తర్వాతో బయటపడుతుంది. అప్పటికి వెనక్కి వెళ్లే దారి ఉండదు.

ఇక్కడ తీసుకున్న నమూనా 60 సెం.మీ. ఎత్తు, 20 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. మందం ఉన్న మరియమాత. నెలవంక మీద నిలబడి, ఎడమ చేతిమీద బాలయేసును ఎత్తుకుని ఉంటుంది. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలోని సూర్యుణ్ణి ధరించిన స్త్రీ కాళ్ల కింది చంద్రుడే ఈ నెలవంక. పైవస్త్రం బయటివైపు బంగారం, లోపలివైపు నీలం. గోడకు ఆనించో, మందసంలో పెట్టో ముందు నుంచి చూసే ప్రతిమ కాబట్టి వెనకవైపు చెక్కే పని లేదు.

రంగు వేస్తారా, వేయరా?

ఉలి పట్టకముందే ఇది తేల్చుకోవాలి. రెండింటికీ చెక్కే తీరే వేరు.

రంగు వేసే ప్రతిమ మీద సుద్ద పూత అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మందాన కూర్చుంటుంది. కనురెప్పల గీత, పెదవుల మధ్య సందు, వెంట్రుకల పాయలు అన్నీ ఆ మేరకు పూడిపోతాయి. అందుకని చెక్కలో వాటిని కావలసినదానికన్నా లోతుగా, కాస్త మోటుగా వదలాలి. సన్నగీతలన్నీ తర్వాత సుద్దలో కోస్తాం. రంగు వేయని ప్రతిమలో దీనికి పూర్తిగా ఎదురు. ప్రతి ముడతా, అంచు మీది ప్రతి చుక్కా చెక్కలోనే పూర్తి కావాలి. ముడి తీసి అతుకు వేస్తే ఆ అతుకు ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

వుర్జ్‌బర్గ్ శిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1490–92 మధ్య మ్యూనర్‌స్టాట్ చర్చికి చేసిన బలిపీఠం రంగు లేనిదే. చెక్క మీద లేతగోధుమ రంగు పారదర్శక పూత, కనుపాపలకు నలుపు, పెదవులకు కాస్త ఎరుపు, అంతే. ఊరివాళ్లకు అది పూర్తికాని పనిలా అనిపించింది కాబోలు, పదేళ్లు దాటాక 1504 ప్రాంతంలో దానికి రంగులూ బంగారమూ వేయించుకున్నారు. వేసింది ఇంకెవరో కాదు, పోలండ్‌లోని క్రాకవ్ మహాబలిపీఠం చెక్కిన శిల్పి ఫైట్ ష్టోస్. పత్రం ఫోర్జరీ చేసినందుకు న్యూరెంబర్గ్‌లో చెంపల మీద వాతలు పెట్టించుకుని, అల్లుడి ఊరైన మ్యూనర్‌స్టాట్‌కు పారిపోయి వచ్చిన రోజులవి. అంత సన్నపని మీద సుద్ద పూత పడితే ఎంత పూడిపోతుందో ఒక శిల్పికి వేరే చెప్పాలా! మీరు మాత్రం ఆ ఇరకాటంలో పడకండి. ఈ వ్యాసం రంగు వేసే పద్ధతి గురించే.

చెక్కేవాడు, రంగు వేసేవాడు అప్పట్లో చాలాసార్లు వేర్వేరు మనుషులు. నెదర్లాండ్స్ వైపు ఆంట్వెర్ప్ నగరంలో చెక్కపని తనిఖీ దాటితే చెయ్యి ముద్ర, రంగుపని కూడా దాటితే కోట ముద్ర వేసేవారు. ఇప్పుడు రెండూ ఒక్కరే చేస్తున్నారు కాబట్టి చెక్కేటప్పుడే రంగు వేసేవాడి కళ్లతో చూసుకునే వీలుంది. దాన్ని వాడుకోండి.

చెక్క

దక్షిణ జర్మనీలో లిండెన్, ఉత్తర జర్మనీలోనూ నెదర్లాండ్స్ వైపూ ఓక్, ఇటలీలో ఎక్కువగా పాప్లర్. లిండెన్‌ను ఎంచుకోవడానికి కారణం దాని నార. సూక్ష్మంగా, అంతటా ఒకే తీరుగా ఉంటుంది. నారకు అడ్డంగా కోసినా పేడు లేవదు. ఓక్‌లో సన్నని అంచు తీయాలంటే నార దారి చూసుకుంటూ బతిమాలాలి. లిండెన్‌లో ఉలి ఎటు తిప్పితే అటు పోతుంది. గాలిలో తేలుతున్నట్టుండే ఆ లోతైన మడతలు సాధ్యమైంది అందుకే.

అమెరికాలో ఉన్నవారికి బాస్‌వుడ్ పేరుతో దీనికి దగ్గరి జాతి చెక్క సులువుగా దొరుకుతుంది. మన దగ్గర గుమ్మడి టేకు వాడండి. లిండెన్‌ అంత మెత్తన కాదు గానీ ఎండాక పెద్దగా కదలదు, అంచు నిలుపుతుంది. కొండపల్లిలో, నిర్మల్‌లో బొమ్మలకు వాడే పొణికి దీనికి పనికిరాదు. అది మరీ తేలిక, మెత్తన. ఆ బొమ్మల పద్ధతే వేరు, చేతులూ తలపాగాలూ విడిగా చేసి అతికించి, చింతగింజల జిగురులో రంపపుపొడి కలిపిన మక్కుతో రూపు దిద్దుతారు. ఒకే మొద్దులోంచి రెండు మిల్లీమీటర్ల మందం మడత తీయాలంటే పొణికి నలిగిపోతుంది.

దుంగ అడ్డుకొలత 32 సెం.మీ. పైనే ఉండాలి. పొడవు 75 సెం.మీ. తీసుకోండి, రెండు చివర్లా బిగింపులకు పోగా 60 మిగులుతుంది. నిలువునా రెండుగా చీల్చండి. చీలిక మధ్యలో దుంగ నడిబొడ్డు, అంటే బెండు భాగం, బయటపడుతుంది. దాన్ని 2 సెం.మీ. లోతు వరకు బాడిశతో తీసేయాలి. ఇది వెనకవైపు. బెరడువైపు ప్రతిమ ముఖం అవుతుంది.

బెండు ఎందుకు తీయాలో తెలియాలి. లిండెన్ ఎండేటప్పుడు వలయాల వెంట సుమారు 9 శాతం, కేంద్రం నుంచి బెరడువైపు 6–7 శాతం కుంచించుకుపోతుంది. నిలువునా అయితే దాదాపు ఏమీ తగ్గదు. చుట్టుకొలత ఎక్కువ తగ్గి, వ్యాసం తక్కువ తగ్గితే ఆ తేడా ఎక్కడో ఒకచోట పగులుగా తేలాలి. బెండు ఉన్న మొద్దులో ఆ పగులు కేంద్రం నుంచి బయటికి, నేరుగా ముఖం మీదుగా రావచ్చు.

దుంగ దొరక్క పలకలు అతికించి మొద్దు చేసుకునేవారు 5 సెం.మీ. మందం పలకలు వాడండి, అన్నిటి నారా నిలువునా ఉండాలి. అతుకు ముఖం మధ్యలోంచి పోకుండా ముందే గీసి చూసుకోండి.

బిగించడం, మోటుపని

ఆనాటి పద్ధతిలో దుంగను పడుకోబెట్టి, రెండు చివర్లా ఇనుప బిగింపుల మధ్య పట్టిస్తారు. తల నడినెత్తిన ఒక ఇనుప మొన, అడుగున రెండు పళ్లు. ఈ బిగింపులో దుంగ తన ఇరుసు మీద తిరుగుతుంది. శిల్పి చోటు మారక్కర్లేదు, ప్రతిమనే తిప్పుకుంటాడు. పాత ప్రతిమల్లో నడినెత్తిన కొయ్య చీలతో పూడ్చిన రంధ్రం కనిపించేది ఇందుకే. మీరు కూడా అక్కడ 12 మి.మీ. రంధ్రం వేసుకుంటే బిగింపుకూ సరిపోతుంది, తర్వాత కిరీటం నిలపడానికీ పనికొస్తుంది.

పడుకోబెట్టి చెక్కడంలో ఒక మోసం ఉంది. పైనుంచి వెలుతురు పడితే మడతలన్నీ లోతుగా కనిపిస్తాయి. నిలబెట్టగానే అవే చదునుగా, ప్రాణం లేనట్టు తేలిపోతాయి. గంటకోసారైనా తీసి నిలబెట్టి, చివరికి ఉండే ఎత్తులో పెట్టి, పక్కవెలుతురులో చూడండి. బలిపీఠం ప్రతిమలు కింద నుంచి చూసేవి. అందుకే తల కాస్త ముందుకు వంగి, కళ్లు కిందికి వాలి ఉంటాయి. బల్లమీద సమానంగా పెట్టి చూసినప్పుడు తల ఎక్కువ వంగిందనిపిస్తే కంగారుపడి సరిచేయకండి.

ముందు గీత. బొగ్గుతో నిలువు మధ్యరేఖ, దానిమీద ఒంపు: బరువు మోసే కాలు, ఆ వైపు బయటికి జరిగిన నడుము, నడుము వాలుకు ఎదురుగా వాలిన భుజాలు. బిడ్డ ఏ చేతిమీద ఉంటే ఆ వైపు నడుము బయటికి రావాలి, బరువు అటే మోపాలి. తల మొత్తం ఎత్తులో ఆరున్నరో వంతు, అంటే 9 సెం.మీ. పెద్ద రూపాలు బాడిశతోనూ 30 మి.మీ. వంపు ఉలితోనూ విడదీయండి. షాపులో ఈ వంపు ఉలులను గౌజ్ అని అడగాలి. ఈ పరిమాణానికి 6 నుంచి 30 మి.మీ. వరకు వేర్వేరు వంపుల్లో పది, పన్నెండు, ఒక వి-ఆకారపు ఉలి సరిపోతాయి. మెత్తని చెక్క కదా, మొద్దు ఉలైనా నడుస్తుందనుకుంటారు. సరిగ్గా తిరగేసి. గట్టి చెక్క మొద్దు ఉలికి కూడా తెగుతుంది, మెత్తని చెక్క నలుగుతుంది. నలిగిన చోట జిగురు తగలగానే నార ఉబ్బి గరుకుగా లేస్తుంది. అంచు కోణం 20–25 డిగ్రీలు ఉంచి, పావుగంటకోసారి తోలుపట్టీ మీద రుద్దుకోండి.

బిడ్డ చాచిన చెయ్యి, మరియమాత కుడిచేతి వేళ్లు మొద్దు మందంలో ఇమడవు. వాటిని విడిగా చేసి కొయ్య చీలలతో అమర్చండి. ఇనుప మేకులు వద్దు. తుప్పు పట్టి సుద్దపూతలోంచి గోధుమరంగు మరకగా పైకి తేలతాయి.

వెనక తొలవడం

ముందువైపు రూపం మూడొంతులు తేలాక, సన్నపని మొదలుపెట్టకముందు వెనకవైపు తొలవండి. ఇంకా ముందే తొలిస్తే ఎక్కడ మడత లోతుకు పోతుందో తెలియక గోడ చిల్లుపడుతుంది. సన్నపని అయ్యాక తొలిస్తే సుత్తి దెబ్బలకు అంచులు ఊడిపోతాయి.

గోడ మందం 2 నుంచి 3 సెం.మీ. అడుగున 4 సెం.మీ., పైన మెడ నుంచి తల వరకు నిండుగా వదిలేయండి. వేలితో ముందొకటి వెనకొకటి పట్టి చూసుకుంటూ పోవాలి. లోతైన మడత వెనక గోడ ఎంతుందో అనుమానం వస్తే, సన్న బరమతో వెనక నుంచి రంధ్రం వేసి పుల్లతో కొలిచి, చీల దిగ్గొట్టి మూసేయండి. లోపల నునుపు అక్కర్లేదు. పాత ప్రతిమల వెనక బాడిశ గాట్లు గాట్లుగానే ఉంటాయి. సుద్ద, రంగు అక్కడ వేయకండి, చెక్క అటువైపు ఊపిరి పీల్చుకోవాలి.

తొలిచాక నీడలో, ఫ్యానూ ఏసీ గాలీ నేరుగా తగలని చోట కనీసం మూడు వారాలు ఆరనివ్వండి. దుంగ పచ్చిదైతే నెలలు పడుతుంది. తేమ కొలిచే మీటరులో 12–15 శాతం చూపే దాకా ఆగాలి. ఈలోగా వచ్చే పగుళ్లు రానివ్వండి, ఇప్పుడొస్తేనే మేలు. వచ్చినచోట అదే చెక్క నుంచి సన్నని చీలిక కోసి, నార నిలువునా ఉండేట్టు జిగురుతో దిగ్గొట్టండి. రంపపుపొడి, ఫెవికాల్ ముద్ద నింపేవారున్నారు. ఆ ముద్ద చెక్కతోపాటు కదలదు, ఏడాదిలో పక్కనే మళ్లీ గీత పడుతుంది.

మడతలు, ముఖం

మడతల తీరే కాలాన్ని పట్టిస్తుంది. 1400 ప్రాంతంలో గిన్నెల్లా జారే మెత్తని వంపులు. 1470 తర్వాత విరిగిన కాగితంలా పదునైన మలుపులు, త్రికోణపు గుంటలు. 1510 దాటాక హన్స్ లైన్‌బెర్గర్ వంటి శిల్పుల దగ్గర ఉధృతమైన చుట్టలు. వీటిని కలగలిపితే పని ఎంత బాగున్నా ఏదో కృత్రిమంగా ఉంటుంది. మనం తీసుకున్నది 1490లు కాబట్టి చేతికింద నుంచి మోకాలి దాకా రెండు పెద్ద నిలువు మడతలు, పాదాల దగ్గర నేలమీద పడి విరిగిన చిన్న మడతలు.

ప్రతి మడతకూ శిఖరం, లోయ, అంచు ఉంటాయి. లోయ ముందు, శిఖరం తర్వాత, అంచు చివర. అంచు పలుచగా కనిపించాలంటే దాన్ని నిజంగా పలుచన చేయకండి. ముందునుంచి 4–5 మి.మీ. మందం ఉంచి, వెనకనుంచి ఏటవాలుగా తొలిచి చూసేవైపు మాత్రమే 2 మి.మీ.కి తేండి. నారకు అడ్డంగా, భూమికి సమాంతరంగా పోయే అంచులతో మరింత జాగ్రత్త. అక్కడ నార పొట్టిగా తెగి ఉంటుంది, గోరు తగిలితే చాలు, ముక్క ఊడుతుంది. నెలవంక కొమ్ములు ఊడిపోయేది కూడా ఇందుకే. వాటిని నార కొమ్ము పొడవునా వచ్చేట్టు విడిగా చేసి అతికించడం మంచిది.

ముఖంలో ముక్కు కొన మొదటి కొలత. దానికి 3–4 మి.మీ. అదనంగా వదిలి మిగతావన్నీ దాన్నుంచి కొలవండి. ఎత్తైన గుండ్రటి నుదురు, చిన్న గడ్డం, ఇరుకు నోరు, బరువైన పై రెప్పలు ఆ కాలపు అందం. కనుగుడ్డును ముందు పూర్తి గోళీలా గుండ్రంగా చేసి, ఆ తర్వాతే రెప్పలు దాని మీద కోయాలి. బాదంగింజ ఆకారం గీసి లోపల తవ్వితే కళ్లు గుంటలు పడి, జబ్బు మనిషిలా కనిపిస్తాయి. పై రెప్ప బయటి మూలలో కింది రెప్పను దాటి రావాలి. రెప్ప మడతను మామూలుకన్నా ఒక మిల్లీమీటరు లోతుగా వదలండి, సుద్దకు చోటు. జుట్టు పాయలను 7–8 మి.మీ. ఉలితో గాడులుగా మాత్రమే తీయండి.

ఉప్పుకాగితం చెక్క మీద వాడకండి. ఉలి కోత సుద్దకు పట్టునిస్తుంది. రుద్దిన చెక్కలో పొడి రంధ్రాల్లో కూరుకుని జిగురును లోపలికి పోనివ్వదు.

జిగురు, సుద్ద

ఎక్కువ ప్రతిమలు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి తొందర వద్దు.

తోలు జిగురు, అంటే పాత వడ్రంగులు సరేసు అనేది, 80 గ్రాములు ఒక లీటరు చన్నీళ్లలో రాత్రంతా నాననివ్వండి. పొద్దున ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి. 60 డిగ్రీలు దాటనివ్వకూడదు. మరిగితే జిగురులో పట్టు చచ్చిపోతుంది, చూడటానికి మాత్రం ఏ తేడా తెలియదు. పరీక్ష: కొంచెం ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టాక వేళ్లతో విడదీయండి. గరుకుగా, తునకలుగా విరగాలి. నున్నగా తెగితే మరీ చిక్కన, జావలా జారితే పలుచన. మన ఎండల్లో బయట ఉంచితే రెండో రోజుకే కుళ్లువాసన కొడుతుంది. వాసన వచ్చిందంటే పారబోయడమే.

మొదటి తడి: రెండు వంతుల జిగురులో ఒక వంతు నీళ్లు కలిపి వేడివేడిగా ముందువైపంతా పూయండి, చెక్క పీల్చుకుంటుంది. మర్నాడు నీళ్లు కలపని జిగురు ఒక పూత. అతుకులు, ముడులు, పూడ్చిన పగుళ్ల మీద పలుచని పాత నూలుగుడ్డ ముక్కలను జిగురులో ముంచి అంటించండి. ఆనాటివాళ్లు నారబట్ట వాడేవారు. మన పాత పంచె ముక్క బాగా పనిచేస్తుంది, ముందు వేడినీళ్లలో ఉతికి గంజి పూర్తిగా పోగొట్టాలి. గంజి మిగిలితే వానాకాలంలో అక్కడే బూజు మొదలవుతుంది.

సుద్ద అంటే కాల్షియం కార్బొనేట్ పొడి. ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన సుద్ద, దక్షిణాన ఇటలీలో జిప్సం వాడారు. బడిలో వాడే చాక్‌పీసులు మనకు ఎక్కువగా జిప్సంవే వస్తాయి, వాటిని దంచి వాడకండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, గోడల పుట్టీ అసలే వద్దు. డబ్బాల్లో దొరికే అక్రిలిక్ జెస్సో మీద కింద చెప్పబోయే బంగారం పని కుదరదు, అది నీరు పీల్చదు.

లీటరు గోరువెచ్చని జిగురులో సుమారు ఒకటిన్నర కిలోల సుద్దను జల్లెడతో మెల్లగా రాల్చండి. కలపకుండా అరగంట వదిలేస్తే దానంతట అది మునుగుతుంది. గరిటెతో గిలక్కొడితే గాలి బుడగలు చేరి, ఆరాక పూతంతా సూదిమొన రంధ్రాలు తేలతాయి. ఒకసారి వచ్చాయంటే పైన ఎన్ని పూతలు వేసినా ప్రతి పూతలోనూ అవే చోట్ల మళ్లీ తేలతాయి. తడివేలితో రుద్ది పూడ్చాకే ముందుకు పోవాలి.

మొదటి పూత కురచ కుంచెతో పొడుస్తూ వేయండి. తర్వాతివి మామూలుగా, ఒకటి నిలువు, ఒకటి అడ్డం, మొత్తం ఆరు నుంచి ఎనిమిది. తడి మెరుపు పోయి మసకబారగానే తర్వాతి పూత. మధ్యలో ఆపాల్సివస్తే మళ్లీ మొదలుపెట్టే ముందు తడిగుడ్డతో తుడవండి. ముఖానికి ఆరు చాలు.

నియమం ఒక్కటే: పైపూతలో జిగురు కింది పూతకన్నా ఎక్కువ ఉండకూడదు. జిగురు ఆరేటప్పుడు లాగుతుంది. పైది బలంగా లాగి కిందిది బలహీనంగా ఉంటే పొర గవ్వలా ముడుచుకుని లేచిపోతుంది. పొయ్యి మీద ఉన్నకొద్దీ నీరు ఆవిరై జిగురు చిక్కబడుతుంది, అంటే మీకు తెలియకుండానే చివరి పూత బలంగా తయారవుతుంది. ప్రతి రెండు పూతలకూ రెండు మూడు చెంచాల వేడినీళ్లు కలుపుతూ ఉండండి. మన దగ్గర ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. వర్షాకాలంలో కింది పూతలు ఆరనే ఆరవు.

నాలుగు రోజులు ఆరాక 320, 400, 600 నంబరు కాగితాలతో వరసగా, పొడిగా రుద్దండి. తర్వాత వంచిన ఇనుప కొక్కేలతో వెంట్రుకల గీతలు, రెప్పల అంచులు, పెదవుల సందు సుద్దలో కోయాలి. చెక్కలో మోటుగా వదిలిన ముఖం ఇక్కడ తేటపడుతుంది. సిలువ మీది క్రీస్తును చేసేవారు నరాల కోసం సన్నతాడును సుద్ద కింద అంటించేవారు, గాయాల అంచులను సుద్దతోనే ఉబ్బెత్తుగా దిద్దేవారు.

బంగారం

బంగారం ఎప్పుడూ రంగులకన్నా ముందు. రేకు ముక్కలు నూనెరంగు మీద పడితే అంటుకుని ఊడవు.

బంగారం వేసేచోట ఎర్రమట్టి పూత కావాలి, బోల్ అంటారు. మెత్తగా, కొవ్వులా జారే మట్టి. మామూలు జేగురు గరుకు, మెరుగుకు, అంటే రాయితో రుద్ది బంగారానికి మెరుపు తేవడానికి, పనికిరాదు. ఒక కోడిగుడ్డు తెల్లసొనను నురగ వచ్చేదాకా గిలక్కొట్టి రాత్రంతా వదిలేస్తే అడుగున నీరులాంటిది దిగుతుంది. బోల్‌ను దానితో నూరి, పలుచని పాలలా చేసుకుని నాలుగైదు పూతలు వేయండి. ఆరాక ముతక గుడ్డతో రుద్దితే మట్టే మెరవాలి. మెరవకపోతే బంగారం కూడా మెరవదు.

ఈ ప్రతిమ పైవస్త్రం, జుట్టు, అంచులకు 8 సెం.మీ. రేకులు సుమారు 30 పడతాయి, పాడయ్యేవి కలుపుకుని 25 రేకుల పుస్తకాలు రెండు కొనండి. రాగి, జింకులతో చేసిన నకిలీ రేకు మందం ఎక్కువ, మెరుగు పట్టదు, కొన్నేళ్లకు నల్లబడుతుంది. మిఠాయిల మీద వేసే వెండి వరఖ్ కూడా వద్దు. ఆనాటివాళ్లు ఖర్చు తగ్గించడానికి బంగారం, వెండి కలిపి సాగగొట్టిన రేకును పక్కలకూ మరుగుచోట్లకూ వాడేవారు. కాలం గడిచి లోపలి వెండి నల్లబడి బంగారంలోంచి పైకొచ్చింది, మ్యూజియాల్లో చూస్తే ఆ భాగాలు దాదాపు నల్లగా ఉంటాయి.

రెండు వంతుల నీళ్లకు ఒక వంతు ఆల్కహాల్ కలపండి. తోలుమెత్త మీద రేకును కత్తితో కోసి, ఉడుత వెంట్రుకల చదును కుంచెతో ఎత్తండి. కుంచెను చెంపకు రాసుకుంటే ఆ జిడ్డుకు రేకు అంటుతుంది. రేకంత చోటు బాగా తడిపి, దగ్గరగా తెస్తే రేకు తనే ఎగిరి అతుక్కుంటుంది. పక్క రేకు మీద 3–4 మి.మీ. ఎక్కాలి. పైనుంచి కిందికి రండి, నీరు అప్పటికే వేసిన బంగారం మీదికి పారితే మరక పడుతుంది. ఫ్యాన్ ఆపడం మరవద్దు.

మెరుగు పెట్టే వేళ పట్టుకోవడమే అసలు నేర్పు. పొడి రోజుల్లో రెండు నుంచి నాలుగు గంటలకు సిద్ధమవుతుంది, ఉక్కపోతలో రాత్రంతా పట్టవచ్చు. అకీకు రాయి మొనతో తేలిగ్గా తట్టండి. బొద్దుగా, మూగగా పలికితే ఇంకా తడి ఉంది, రుద్దితే బంగారం మట్టితో సహా లేచిపోతుంది. టక్‌మని గాజులా పలికితే మొదలుపెట్టండి. ముందు బరువు లేకుండా, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ. రాత్రి దాటి మరీ ఎండిపోతే గీతలు పడతాయి తప్ప మెరుపు రాదు, అలాంటి చోట నోటి ఆవిరి ఊది ప్రయత్నించవచ్చు. చిరిగిన చోట్ల అదే రోజు మళ్లీ తడిపి ముక్కలు వేయండి. మెరుగయ్యాక అంచుల వెంట చిన్న ఉంగరపు అచ్చుతో చుక్కలు నొక్కితే కొవ్వొత్తి వెలుగులో ఆ అంచు మినుకుమంటుంది.

నీలం, చర్మపు రంగు

పైవస్త్రం లోపలివైపు నీలం అజురైట్, రాగి ఖనిజం. దీన్ని మెత్తగా నూరితే రంగు పాలిపోతుంది, ముతక పొడే కావాలి. ముందు బొగ్గు, సుద్ద జిగురులో కలిపి బూడిదరంగు అడుగుపూత వేయండి. దానిమీద పలుచని జిగురులో అజురైట్ మూడు పూతలు, కుంచెతో గీయకుండా దింపినట్టు. 20 గ్రాములు సరిపోతుంది. ఆరాక వేలితో తాకితే పొడి అంటుకుంటే జిగురు తక్కువ, నీలం నల్లబడితే ఎక్కువ. నూనెలో కలపకండి, పైన వార్నిష్ వేయకండి. మెరుగుపెట్టిన బంగారం పక్కన మఖమల్‌లా మసకగా ఉండటమే దాని అందం. వార్నిష్ తగిలితే ఆ నీలం మళ్లీ రాదు. ఎన్నో పాత ప్రతిమల్లో మరియమాత వస్త్రం లోపలివైపు నల్లగా కనిపించడానికి తర్వాతివాళ్లు పూసిన నూనె, వార్నిష్‌లే కారణం.

ముఖానికి, చేతులకు అవిసె నూనె రంగులు. ముందు సుద్ద మీద పలుచని జిగురు ఒక పూత వేయాలి, లేకపోతే సుద్ద నూనెను పీల్చేసి చర్మం మచ్చలు మచ్చలుగా మసకబారుతుంది. అప్పట్లో సీసపు సఫేదా, ఇంగిలీకం కలిపేవారు. ఒకటి సీసం, ఇంకొకటి పాదరసం. ఇంట్లో వాటి జోలికి పోకండి. టైటానియం తెలుపు, కాడ్మియం లేని ఎరుపు చాలు. టైటానియం చల్లగా, సుద్దముక్కలా కనిపిస్తుంది కాబట్టి చిటికెడు పసుపుమట్టి కలపండి. మరియమాత చర్మం పాలిపోయినట్టు, బాలయేసుది ఇంకాస్త గులాబీగా ఉండేది ఆనాటి వాడుక. చెంపల ఎరుపు తడి మీదే వేసి మెత్తని కుంచెతో కలిపేయాలి, గీత కనిపించకూడదు. కళ్లు ఆఖర్న: పై రెప్ప కింద ఎరుపుగోధుమ రంగు సన్నగీత, కనుపాప పైభాగం రెప్ప కిందికి పోవాలి. కనుపాప పూర్తి వృత్తంగా కనిపిస్తే మొహం బెదిరినట్టుంటుంది.

పూర్తయిన ప్రతిమను వెనక కొయ్య అడ్డపట్టీకి బిగించి, గోడకు వేలెడు దూరంలో నిలపండి. గోడ చెమ్మ వెనకనుంచి ఎక్కితే ముందు సుద్ద లేస్తుంది. ఏసీ ఎదురుగా, వంటగది గోడకు, కొవ్వొత్తులకు దగ్గరగా వద్దు. దుమ్ము తుడవడానికి మెత్తని పొడి కుంచె ఒక్కటే, తడిగుడ్డ తగిలితే బంగారం పోతుంది. ఏటా వానల తర్వాత వెనక బోలులో టార్చి వేసి చూడండి. పిండిలాంటి పొడి రాలి ఉంటే పురుగు చేరినట్టే.

ఇక్కడ చెప్పినవేవీ పాత ప్రతిమ మీద చేయకూడదు. ఊరి గుడిలోనో ఇంట్లోనో ఉన్న పాత కొయ్య విగ్రహానికి పెచ్చులు లేస్తుంటే రాలిన ముక్కలను కాగితపు పొట్లంలో దాచి, మిగతాది తాకకుండా పరిరక్షణ నిపుణులకు చూపించండి.